ఛత్రులో బండలు, చంద్రతాల్‌లో తలనొప్పి

బెంగళూరులో బండలెక్కే పిచ్చి ఉన్నవాళ్ళకి తురహళ్ళి, రామనగర, సావనదుర్గ కొత్త కాదు. నాలుగు రోజులు సెలవు దొరికితే హంపి, బాదామి. ఆ తర్వాత ఎక్కడికంటే మా గ్యాంగ్‌లో చాలాకాలంగా వినిపిస్తున్న పేరు ఛత్రు. సగం మందిమి అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళం కాబట్టి గుండ్లు చూసి ఆశ్చర్యపోయే రకం కాదు. అయినా ఛత్రు వేరే. హిమాచల్‌లోని లాహౌల్‌లో, చంద్రా నది ఒడ్డున, సుమారు 3,300 మీటర్ల ఎత్తులో, ఇళ్ళంత గుండ్లు మైదానం నిండా పడి ఉంటాయి. అదే రోడ్డులో ఇంకా పైకి వెళ్తే చంద్రతాల్ సరస్సు. చాలామంది ఈ రెండూ కలిపే ప్లాన్ చేస్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: రాయి కోసం వెళ్తే బస ఛత్రులోనే పెట్టుకోండి. సరస్సు చూసి రండి, రాత్రి మాత్రం అక్కడ పడుకోవద్దు.

ముందు సామాన్ల సంగతి. ఎంత ఎక్కినా తాడు కట్టుకోం కాబట్టి పడితే దెబ్బ తగలకుండా కింద పరుచుకునే మందపాటి పరుపులు, అంటే క్రాష్ ప్యాడ్లే మాకు దిక్కు. బెంగళూరులో అద్దెకు తీసుకున్న ప్యాడ్‌కి చండీగఢ్‌లో దిగేసరికే పట్టీ కుట్లు ఊడాయి. పైగా విమానంలో దాన్ని ఎక్కించడం ఒక తలనొప్పి. బరువు 15 కిలోల లోపే, సైజే పెద్దది. కౌంటర్‌లో ఒకరు సరేనంటారు, ఇంకొకరు ఓవర్‌సైజ్ అంటారు. మనాలిలో తీసుకున్న ప్యాడ్లు పాతవే అయినా ఫోమ్ గట్టిగా ఉంది. షూస్, చేతులు జారకుండా పూసుకునే చాక్ పొడి, టేపు ఇక్కడి నుంచి తీసుకెళ్ళి, ప్యాడ్లు అక్కడే ఫోన్‌లో మాట్లాడి పెట్టుకోవడం మేలు.

మనాలి నుంచి ఒకేసారి పైకి పరుగెత్తకుండా సిస్సులో ఆగాం. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక సిస్సు మనాలికి పక్క ఊరులా అయిపోయింది. 9 కిలోమీటర్ల సొరంగం దాటి కాస్త వెళ్తే చాలు. హోమ్‌స్టేలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు నిజంగానే వచ్చాయి. మొత్తం ప్రయాణంలో సుఖంగా నిద్రపోయింది ఇక్కడే. అక్కడి నుంచి ఛత్రు వైపు వెళ్తూ గ్రాంఫు అనే చోటు దాటాక రోడ్డు పేరుకే రోడ్డు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి, రోడ్డుకి అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి ఉద్ధృతమవుతాయి. అందుకే పొద్దున్నే బయల్దేరాలి. మనాలి మీదుగా స్పితిలోని కాజా వెళ్ళే హిమాచల్ ఆర్టీసీ బస్సు వేసవిలో ఈ దారిలోనే నడుస్తుంది, ఖర్చు తక్కువ. కానీ ఇన్ని ప్యాడ్లతో మాకు ట్యాక్సీ తప్పలేదు.

ఛత్రులో హోటల్ అనుకునేదేమీ లేదు. రాతి గోడలు, పైన టార్పాలిన్ కప్పిన దాబాలు, వాటి పక్కన టెంట్లు, అంతే. మా టెంట్లు మేమే వేసుకుని తిండి మాత్రం దాబాలో తిన్నాం. రాజ్మా, అన్నం, గుడ్లు, మ్యాగీ. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల లోపే మరిగిపోతాయి, అందుకే కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. సొంత వంట అని గిన్నెలు మోసుకెళ్ళిన ఇద్దరూ రెండో పూటకే దాబా బల్ల మీద కూర్చున్నారు. మా కందిపొడి మాత్రం దాబా చాచీకి తెగ నచ్చింది. టాయిలెట్ల గురించి అడక్కండి.

ఇక రాయి. సాయంత్రం ఎండ కొండ వెనక్కి వెళ్ళగానే బండ చల్లబడుతుంది. చల్లటి బండ మీద షూ రబ్బరు బాగా కరుచుకుంటుంది, వేళ్ళకి చెమట పట్టదు. మార్చిలో తురహళ్ళిలో చాక్ ఎంత పూసినా జారిపోయే అంచుల్లాంటివే ఇక్కడ తేలిగ్గా నిలిచాయి. మా అనంతపురం వాడు నదికి దగ్గర్లో ఉన్న ఒక గుండుని పట్టుకుని వదల్లేదు. ఎడమచేతికి మంచి అంచుంది, కుడిచేతికి రెండు వేళ్ళు దూరే పగులు. పైన మాత్రం గుండ్రంగా, పట్టుకోడానికి ఏమీ లేదు. కింద మేం చేతులు చాపి నిలబడి "ఒరేయ్, మడమ వెయ్, మడమ" అని అరుస్తున్నాం. మడమ పైకి విసిరి, పొట్ట మీద పాకుతూ ఎలాగో పైకి చేరాడు. దిగొచ్చాక చూస్తే మూడు వేళ్ళ కొసలు పగిలి నెత్తురు. పొడిగాలికి అక్కడ చర్మం తొందరగా పగులుతుంది. కొబ్బరినూనె పూద్దామంటే సీసాలో గడ్డకట్టింది. వాజ్‌లీన్ తీసుకెళ్ళండి.

ఎత్తయిన గుండ్ల జోలికి మేం పోలేదు. కింద నేల ఎగుడుదిగుడు, రాళ్ళు. కాలు విరిగితే కేలాంగ్ ఆసుపత్రికో మనాలికో ఆ రోడ్డు మీదే పోవాలి.

చంద్రతాల్ సుమారు 4,250 మీటర్లు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదని డాక్టర్లు చెప్తారు. ఛత్రు నుంచి అక్కడికి ఒకేసారి 900 పైగా పెరుగుతుంది. అయినా మాలో ఇద్దరు, నక్షత్రాల ఫొటోల కోసమని, రాత్రి క్యాంపులో ఉండిపోయారు. చంద్రతాల్ 2005 నుంచి రామ్‌సర్ చిత్తడినేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చోటు కాబట్టి ఒడ్డున టెంట్లు వేయనివ్వరు. క్యాంపులన్నీ సరస్సుకి రెండు మూడు కిలోమీటర్ల ఇవతల, సరస్సు కనపడని చోట. వాళ్ళ క్యాంపు వాడు లేక్‌వ్యూ అని డబ్బు తీసుకుని ఇచ్చింది కొండ వ్యూ. వేడినీళ్ళు అరబకెట్. పొద్దున్నకి ఒకరికి తలనొప్పి, ఇంకొకరికి వాంతులు. దిగి ఛత్రు చేరాక గానీ తేరుకోలేదు. మిగతావాళ్ళం పార్కింగ్ నుంచి కిలోమీటరు నడిచి, ఆ నీలాన్ని తనివితీరా చూసి, సాయంత్రానికి దాబాకి వచ్చేశాం. మేమేం కోల్పోయామో నాకైతే తెలియలేదు.

అమ్మానాన్నలతో సరస్సులు చూడాలంటే అసలు ఈ దారే వద్దు. లేహ్ రోడ్డు పట్టుకుని జిస్పాలో దిగండి. రోడ్డు ఎంతో నయం, హోటళ్ళున్నాయి. దీపక్ తాల్ దారి పక్కనే ఉంటుంది. ఓపికుంటే బారలాచా కనుమ కింద సూరజ్ తాల్ దాకా వెళ్ళి అదే రోజు దిగిపోవచ్చు. అక్కడ పుట్టే భాగా నది, మా ఛత్రు పక్కన పారిన చంద్రా నది తాండి దగ్గర కలిసే చీనాబ్ అవుతాయి.

టికెట్లు మాత్రం బిగించి వేసుకోకండి. 2018 సెప్టెంబరులో అకాల మంచుకు లాహౌల్‌లో వందల మంది ఇరుక్కుంటే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2023 జులైలో చంద్రతాల్ క్యాంపుల్లోనే సుమారు 300 మంది చిక్కుకున్నారు. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని, ఫోన్ కలవకపోవచ్చని ఇంట్లో ముందే చెప్పి వెళ్తే వాళ్ళకీ టెన్షన్ ఉండదు. వాన పడకపోతే ఆ రెండు రోజులూ గుండ్లకే.