పాకాలా, లక్నవరమా, సోమశిలా?

హైదరాబాదు రొద వదిలి రెండు రోజులు అడవిలో నీటి ఒడ్డున గడపాలంటే నాకు తోచేవి మూడే చోట్లు: నర్సంపేట దగ్గర పాకాల, ములుగు జిల్లాలో లక్నవరం, నల్లమల అంచున సోమశిల. "దగ్గరిదేదో చెప్పండి చాలు" అంటారు అడిగినవాళ్లు. దగ్గరా దూరమూ ఇక్కడ లెక్కలోకి రావు, మూడూ నగరానికి రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగానే ఉన్నాయి. ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరున్నారు అన్నదే అసలు ప్రశ్న.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే లక్నవరం. దీవి మీద పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, భోజనానికి వెతుక్కోనక్కర్లేదు, పిల్లలకు వేలాడే వంతెన ఒక్కటి చాలు. దారిలో పాలంపేటలో ఆగితే రామప్ప గుడి కూడా చూసినట్టవుతుంది. అయితే ఏకాంతం కోసమే వెళ్తున్నవాళ్లు శని, ఆదివారాల్లో ఆ వైపు చూడకండి. వంతెన మీద సెల్ఫీల వరుస దాటేసరికే ఓపిక అయిపోతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది, ఆ రోజుల్లో ములుగు రోడ్డంతా భక్తులదే. తేదీలు చూసుకోకుండా బయలుదేరితే చెరువు చేరేలోపే సెలవు గడిచిపోతుంది.

పాకాల దీనికి పూర్తిగా భిన్నం. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో తవ్వించిన చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది, చుట్టూ అభయారణ్యం. తెల్లవారుజామున కట్ట మీద నడిస్తే పక్షుల అరుపులు తప్ప మరో సద్దు ఉండదు. నీళ్లలో మొసళ్లుంటాయి కాబట్టి ఈత మాట ఎత్తకండి. రాత్రి బసకు వరంగల్ నయం. అంటే ఇది తెల్లవారకముందే లేచి, మధ్యాహ్నానికి తిరిగొచ్చే చోటు. దుర్భిణి పట్టుకుని తిరిగేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. మిగతావాళ్లకు పదింటికల్లా విసుగొస్తుంది.

నన్నడిగితే సోమశిల. కొల్లాపూర్ నుంచి కాస్త దూరమే. కనిపించేది చెరువు కాదు, శ్రీశైలం డ్యాం వెనక్కి తన్నిన కృష్ణ. ముంపులో పోవలసిన సోమేశ్వరుని గుడిని విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. దాని మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా నీళ్లు, నీళ్ల అవతల కొండలు. జాలర్లు పుట్టిలో వల వేసి వస్తుంటారు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్ట, అడుగున పట్టా, చేతిలో ఒకే ఒక తెడ్డు. ఆ గుండ్రటి బుట్టను గిరగిర తిరగనివ్వకుండా తిన్నగా ఒడ్డుకెలా తెస్తారో చూస్తూ కూర్చుంటేనే గంట గడిచిపోతుంది. ఆ చేపే మీ మధ్యాహ్నపు వేపుడు.

ఇక్కడ అంతా నీటిమట్టం మీదే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, రోజూ పత్రికల్లో వస్తుంది. ఆ అంకెకు దగ్గరగా ఉన్నప్పుడు, అంటే మంచి వానలు పడిన ఏడు ఆగస్టు ఆఖరు నుంచి డిసెంబరు దాకా, సోమశిలకు సాటి లేదు. వేసవిలో నీళ్లు దిగిపోయి ఒడ్డున ఎర్రమట్టి తేలుతుంది, లాంచీలూ నిలిచిపోతాయి. అదీ ఒక అందమే అనుకోండి: ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరాలయం అప్పుడే బయటపడుతుంది, కొల్లాపూర్ మామిడీ అప్పుడే దొరుకుతుంది. కానీ ఆ ఎండను పిల్లలతో భరించలేరు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. "ఇంతే దూరం కదా" అనే పడవవాడి మాట వినకండి. 2007లో ఈ నీటిలోనే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అడవిలో మీ అంతట మీరు గుడారం వేసి నెగడు పెట్టుకోవడమూ కుదరదు, అటవీ శాఖ అనుమతి కావాలి. తిరుగు ప్రయాణంలో మన్ననూర్ మీదుగా శ్రీశైలం వెళ్లిరావాలనుకుంటే ఇంకో లెక్క ఉంది: పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ ఘాట్ రోడ్డు మూసేస్తారు.

కారు లేనివాళ్లకూ సోమశిలే సులువు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో కొల్లాపూర్ బస్సెక్కితే అక్కడి నుంచి ఆటో. సోమశిల, సిద్ధేశ్వరాల మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. అటూ ఇటూ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి అడిగిన వంతెన, రావలసిందే. అది వచ్చాక నంద్యాల వెళ్లే లారీలు కూడా ఇటే వస్తాయి, కాబట్టి నిశ్శబ్దం కావలసినవాళ్లు ఈ కార్తీకం దాటనివ్వకండి.