శ్రీకాకుళంలో ఓ నవజాత శిశు విభాగం: తల్లికి నేర్పే తీరు బాగుంది, తండ్రికి మాత్రం చోటు లేదు

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రభుత్వాసుపత్రి ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం) గురించి ఈ రివ్యూ. నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టిన పిల్లల్ని ఇక్కడ ఉంచుతారు. తల్లిని అద్దం అవతల నిలబెట్టకుండా లోపలికి రానిచ్చి, బిడ్డ పనులు ఆమె చేతే చేయిస్తున్నారు. కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే.

గుమ్మం దగ్గర సడలింపే లేదు. ఉంగరాలు, గాజులు, మొక్కుదారాలు తీసేసి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడగాలి. బాలింత గాజులు తియ్యకూడదని అత్తగార్లు అడ్డుపడతారు. గాజుల కింద తడి ఆరదనీ, క్రిములు అక్కడే నిలుస్తాయనీ సిస్టర్లు ఓపిగ్గా చెబుతారు. మెచ్చుకోవాల్సిన పట్టుదల.

కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను తల్లి ఒంటికి నేరుగా ఆనించి వెచ్చగా ఉంచడం, నేర్పడంలో వీళ్లకి పూర్తి మార్కులు. టోపీ, డైపరు, మేజోళ్లు తప్ప ఇంకేమీ లేకుండా బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనిస్తారు. తల ఒక పక్కకి, గడ్డం కాస్త పైకి, కాళ్లు కప్పలా మడిచి ఉండాలి. బిడ్డను తల్లికి కట్టే గుడ్డ పై అంచు సరిగ్గా బిడ్డ చెవి కిందికి రావాలి. వదులైతే బిడ్డ జారి మెడ వంగిపోతుంది, ఊపిరి అందదు. అందుకే కట్టాక తల్లిని ఒకసారి లేచి నిలబడమని చూస్తారు. విడతకి కనీసం గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) రోజుకి 8 నుంచి 24 గంటలు చెయ్యమంటుంది గానీ, వాలుకుర్చీలు చాలక ఇక్కడ అంత కుదరడం లేదు.

ఉగ్గుగిన్నెతో పిండిన పాలు పట్టడం మాత్రం తొందరతొందరగా నేర్పేస్తున్నారు. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. బిడ్డను పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది. తల ఎత్తి పట్టుకుని, గిన్నె మూతి పెదవి మూలన ఆనించి, ఒక గుక్క మింగాకే రెండోది పొయ్యాలి. నిద్రలో ఉంటే పట్టకూడదు.

పెద్ద లోటు తండ్రులది. మందులు తేవడానికే పిలుస్తారు. సిజేరియన్ నొప్పితో తల్లి కూర్చోలేనప్పుడు తండ్రి గుండెల మీదైనా బిడ్డకి అదే వెచ్చదనం దొరుకుతుంది కదా!

డిశ్చార్జి జాగ్రత్తలు కూడా హడావిడిగా చెప్పి పంపేస్తున్నారు. ఇచ్ఛాపురం, మందస లాంటి దూరపు ఊళ్లవాళ్లు ముందురోజే అడిగి రాయించుకోండి. నిమిషానికి 60 మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, పాదాలు చల్లబడినా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేదాకా, దారిలోనూ బిడ్డను గుండెకి కట్టుకునే ఉంచండి.