మెగాబైట్ల లెక్కన కొన్న పాటలు: చవక డౌన్‌లోడ్ సైటుతో పదకొండేళ్లు

సైటు పేరు రాయను. నాకు తెలిసి ఇప్పటికి మూడు పేర్లు మార్చింది. ఇవాళ రాసిన పేరు రేపటికి ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా పేరు చెప్తే సగంమంది ఈ సమీక్షను మధ్యలోనే వదిలేసి అటు పరుగెడతారు. ఈ బాపతు సైట్లు ఒకటి వాడితే అన్నీ వాడినట్టే అనుకోండి. 2006 నుంచి 2017 దాకా నా ఖాతా నడిచింది. రెండు వందల పైచిలుకు ఆల్బమ్‌లు దించుకున్నాను. కొన్నాను అని రాయబోయి దించుకున్నాను అని రాశాను, చూశారుగా. ఆ మాట మార్చుకోవడానికే నాకు పదకొండేళ్లు పట్టింది.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే మంచి చాలా ఉంది. ఇక్కడ పాటకింత అని ధర ఉండదు, మెగాబైటుకింత. నేను చేరినప్పుడు మెగాబైటు 2 సెంట్లు. ఆల్బమ్ పేజీ తెరవగానే పైన ఒక పెట్టె: ఏ ఫార్మాట్ కావాలి, ఎంత బిట్‌రేట్ (సెకను పాటకు ఎన్ని కిలోబిట్ల డేటా, ఎక్కువైతే నాణ్యత ఎక్కువ) కావాలి అని. 192 పెడితే నాలుగు నిమిషాల పాట ఐదున్నర మెగాబైట్లు, పక్కన 11 సెంట్లు అని పడేది. 320కి మారిస్తే అదే పాట తొమ్మిది దాటి, ధర 18 సెంట్లకు ఎగిరేది. నాణ్యత ఏమీ నష్టపోని ఫ్లాక్ అనే ఫార్మాట్ కావాలంటే పాతిక ముప్పై మెగాబైట్లు, అర డాలరు పైమాటే. మీట నొక్కి ఒకటి రెండు నిమిషాలు ఆగితే మనం అడిగిన కొలతకు అప్పటికప్పుడు తయారుచేసి లింకు ఇచ్చేది. గుడ్డ గజం లెక్కన కొలిచి కత్తిరించి ఇచ్చినట్టు. వాకింగ్‌లో వినే పాటలకు 192, ఇంట్లో మంచి స్పీకర్లలో వినేవాటికి ఫ్లాక్ అని నేను విడివిడిగా తీసుకునేవాణ్ని. బేరం చేస్తున్నంత సరదాగా ఉండేది.

అదే రోజుల్లో ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోరులో పాట 99 సెంట్లు. వచ్చేది 128 బిట్‌రేట్‌లో ఏఏసీ ఫార్మాట్ ఒక్కటే, దానికీ ఫెయిర్‌ప్లే అనే తాళం. ఐదు కంప్యూటర్లకు మించి ఆడదు, వేరే కంపెనీ జేబు ప్లేయర్లో అసలు ఆడదు. డాలరు పెట్టిన పాటకు తాళం, 11 సెంట్ల పాటకు తలుపులు బార్లా. హక్కులున్నవాళ్లు అమ్మే సరుకు కన్నా హక్కుల్లేనివాళ్లు అమ్మే సరుకు మేలుగా ఉండటం అనే విచిత్రాన్ని సంగీత కంపెనీలు చాలాకాలం చూడనట్టే ఉన్నాయి. ఈ మాట నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అనట్లేదు. నిజంగానే అలా ఉండేది.

ఇంత సుఖంలో అనుమానం ఎక్కడ మొదలైందంటే, బీటిల్స్ అనే బ్రిటిష్ బ్యాండ్ దగ్గర. బీటిల్స్ పాటలు ఐట్యూన్స్‌లోకి వచ్చింది 2010 నవంబర్ 16న. అంతకు ముందు ఏ అధికారిక డౌన్‌లోడ్ స్టోరులోనూ అవి దొరికేవి కావు. నేను మాత్రం 2006లోనే వాళ్ల ఆల్బమ్ ఒకటి డాలరు లోపే దించుకుని, చక్కగా అట్ట బొమ్మతో సహా ప్లేయర్లో పెట్టుకున్నాను. సొంతదారులే అమ్మకానికి పెట్టని సరుకు ఇక్కడ ధర చీటీతో ఎలా ఉంది? ఈ ప్రశ్న అప్పుడే తట్టింది. తట్టినా పక్కకు నెట్టాను. పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఒక లైసెన్సు నంబరు ఉండేది. లైసెన్సు ఉంది, మనం డబ్బు కడుతున్నాం, దొంగ సరుకైతే కార్డు పనిచేస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ లైసెన్సు కథ తెలియాలంటే ఈ రకం సైట్లకు పెద్దన్న లాంటి ఆల్ఆఫ్ఎంపీ3 సంగతి చెప్పాలి. మాస్కోలోని మీడియా సర్వీసెస్ అనే కంపెనీ నడిపింది. మెగాబైటు లెక్క, ఫార్మాట్ ఎంపిక, ముందే డబ్బు వేసుకునే ఖాతా, ఈ పద్ధతులన్నిటికీ పేరు తెచ్చింది అదే. మాది చట్టబద్ధమే అని వాళ్లు చూపించినది హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే రోమ్స్ అనే రష్యన్ సంస్థ ఇచ్చిన లైసెన్సు. రష్యాలో 1993 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఇలాంటి సంస్థలు తమలో సభ్యులు కానివాళ్ల తరఫున కూడా అనుమతి ఇవ్వొచ్చు, రుసుము వసూలు చేసి పంచొచ్చు అని అప్పట్లో ఉండేది. రోమ్స్ వాదన అదే. మేం ఆ సంస్థకు ఏ అధికారమూ ఇవ్వలేదు అని ప్రపంచంలోని పెద్ద రికార్డు కంపెనీలు మొత్తుకున్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అచ్చంగా అదే. కాకపోతే ఇక్కడ అల్లుడి చేతిలో ఒక చట్టం ఉంది.

ఆ చట్టం వల్లే గొడవ అంత సాగింది. 2005లో మాస్కో పోలీసులు కేసు పెట్టమని కాగితాలు పంపితే ప్రాసిక్యూటర్లు కుదరదన్నారు, అప్పటి చట్టం డిజిటల్ ఫైళ్లకు వర్తించదని. ఇంటర్నెట్‌లో పాట అందుబాటులో పెట్టడం కూడా హక్కుదారుడి చేతిలోనే ఉంటుందని 2004లో చట్టాన్ని సవరించినా, ఆ భాగం అమల్లోకి వచ్చింది 2006 సెప్టెంబర్ 1న. ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా ముసురుకున్నాయి. వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆపేశాయి. డెన్మార్క్‌లో ఒక కోర్టు ఆ సైటును అడ్డుకోమని ఇంటర్నెట్ కంపెనీని ఆదేశించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో రష్యా చేరే విషయమై ఆ నవంబర్‌లో అమెరికాతో కుదిరిన ఒప్పందంలోకి కూడా ఈ పాటల దుకాణం గొడవ ఎక్కింది. డిసెంబర్‌లో రికార్డు కంపెనీలు న్యూయార్క్‌లో దావా వేశాయి. పాటకు లక్షన్నర డాలర్ల చొప్పున కోటీ పది లక్షల పాటలకు లెక్క కడితే 1.65 ట్రిలియన్ డాలర్లు. ఆ ఏడాది రష్యా దేశం మొత్తం జీడీపీ కూడా అంత లేదు. ఆ దావాను తర్వాత వాళ్లే వెనక్కి తీసుకున్నారు లెండి.

2007 జూలైలో ఆల్ఆఫ్ఎంపీ3 మూతపడింది. మరుసటి నెలలోనే దాని మాజీ డైరెక్టర్ డెనిస్ క్వాసోవ్ నిర్దోషి అని మాస్కో కోర్టు తీర్పు చెప్పింది. దుకాణం పోయింది, దుకాణదారుడు గెలిచాడు.

ఆ తీర్పు వచ్చిన రోజు నేను సంబరపడ్డాను. నా సైటుది కూడా అదే రకం లైసెన్సు కాబట్టి, ఇంకేం, కోర్టే చెప్పింది అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఎంత తెలివితక్కువ సంబరమో తెలుస్తోంది. ఆ కోర్టు తేల్చింది ఫలానా మనిషి మీద ఫలానా నేరం అక్కడి చట్టం ప్రకారం రుజువు కాలేదని. మరో దేశంలో కూర్చుని ఆ ఫైలు దించుకున్నవాడి సంగతి దాని ముందుకు రానే లేదు. కాపీరైట్ ఏ దేశానికి ఆ దేశం విడిగా చూసుకునే విషయం. కాపీ తయారవుతున్నది నా కంప్యూటర్లో, నేనున్న చోట. అమ్మేవాడి దేశంలో సందు దొరికినంత మాత్రాన ఆ సందు నా ఇంటి దాకా రాదు.

యూరప్‌లో ఇది మరీ స్పష్టంగా తేలింది. సొంతానికి కాపీ చేసుకోవచ్చనే మినహాయింపు కింద ఎక్కణ్నుంచి దించుకున్నా ఫర్వాలేదని నెదర్లాండ్స్‌లో అనుకునేవాళ్లు. 2014 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఏసీఐ ఆడమ్ కేసులో కాదంది. మూలం అక్రమమైతే సొంతానికి చేసుకున్న కాపీకి కూడా ఆ మినహాయింపు లేదు. డబ్బు కట్టానన్న మాట అక్కడ ఎంతవరకు నిలబడుతుందో మీరే చెప్పండి. రసీదులో నేను ఎవరికి కట్టానో ఉంటుంది, అతనికి అమ్మే హక్కు ఉందో లేదో ఉండదు.

పాత ఎంపీ3లు తక్కువ ధరకు అమ్మిపెడతాం అని వచ్చిన రీడిజీ అనే కంపెనీ సంగతి కూడా ఇలాగే తేలింది. పాత సీడీ అమ్ముకోవచ్చు కదా, పాత ఫైలు ఎందుకు అమ్ముకోకూడదు అని వాళ్లు అడిగింది నాకు న్యాయంగానే తోచింది. 2013లో అమెరికా కోర్టు, 2018లో అప్పీలు కోర్టు రెండూ కుదరదన్నాయి. సీడీ చేయి మారుతుంది, ఫైలు మాత్రం చేయి మారే ప్రతిసారీ కొత్త కాపీ పుడుతుంది అని. తర్కం సరైనదే. అయినా మనసు ఒప్పుకోదు.

చట్టం అలా ఉంచి సరుకు సంగతికొస్తాను. మొదటి రెండు మూడేళ్లు ఫైళ్లు బాగుండేవి. తర్వాత తేడా కొట్టింది. 2011లో ఒక కొత్త ఆల్బమ్ 320లో తీసుకుంటే కంచు తాళాల చప్పుడు ఎందుకో ఇసుక రాల్చినట్టు వినిపించింది. పాటలో ఎంత సన్నని ధ్వని దాకా ఉందో రంగుల్లో గీసి చూపించే స్పెక్ట్రమ్ ప్రోగ్రామ్‌లో ఫైలును తెరిచాను. నిఖార్సైన 320లో రంగు దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. ఇందులో 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, పైన అంతా నలుపు. అంటే ఎక్కడో దొరికిన 128 ఫైలును మళ్లీ 320గా ఉబ్బించి, మెగాబైట్లు పెరిగాయి కదా అని ఎక్కువ ధరకు నాకే అంటగట్టారు. పాలు చిక్కగా లేవు, గ్లాసు మాత్రం పెద్దది. ఆ రాత్రి కూర్చుని ఒక ముప్పై ఆల్బమ్‌లు తనిఖీ చేస్తే పదకొండు ఇలాంటివే తేలాయి. అందులో రెండు ఫ్లాక్‌లు కూడా ఉన్నాయి! సపోర్టుకు మెయిలు పెట్టాను. మీ స్పీకర్లు చూసుకోండి అని జవాబు వచ్చింది. నష్టపోయానని గోల చేద్దామంటే ఎవరితో చేయాలి? ఏ వినియోగదారుల కోర్టుకు వెళ్లి, నేను అక్రమంగా దించుకున్న పాట నాణ్యత బాలేదని చెప్పుకోవాలి?

డబ్బు కట్టడం అయితే ఏటా ఒక కొత్త టెన్షన్. మొదట కార్డు తీసుకునేది. తర్వాత కార్డు తిరస్కరించడం మొదలైంది. ఆ తర్వాత ఇంకెవరి దగ్గరో వోచర్ కొని, ఆ కోడు ఇక్కడ వేసుకోమనేది. స్టేట్‌మెంట్‌లో మాత్రం పాటలతో ఏ సంబంధమూ లేని కంపెనీ పేరు పడేది. ఒకసారి నేను చేయని ఖర్చు ఒకటి కనిపిస్తే కార్డు బ్లాక్ చేయించాను. అది ఈ సైటు వల్లే జరిగిందని రుజువేమీ లేదు. కానీ అనుమానం వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది ఇదే. ఇరవై డాలర్లు వేస్తే ఐదు డాలర్లు బోనస్ అని ఊరించేది, వేసినది తిరిగి తీసుకునే దారి ఎక్కడా లేదు.

చవకగా ఉందంటే దొంగదే అని మాత్రం అనుకోకండి. ఆ కాలంలోనే ఈమ్యూజిక్ అనే సైటులో నెలకు పది డాలర్లు కడితే నలభై పాటలు వచ్చేవి, పాట 25 సెంట్లు, తాళం లేదు, అంతా సక్రమం. చిన్న కంపెనీల పాటలే ఎక్కువ కాబట్టి మనకు తెలిసిన పేర్లు తక్కువ, అంతే. తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. సక్రమమైన చోట కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. ఎవరో ఒప్పుకోలేదు కాబట్టి ఉండవు. నా సైటులో లేనిదంటూ లేదు, కొత్తదీ పాతదీ పెద్దవాళ్లదీ చిన్నవాళ్లదీ అన్నీ ఒకే తూకం రాయితో. ఎవరినీ అడగనివాడికే అలా కుదురుతుంది.

2007 సెప్టెంబర్‌లో అమెజాన్ తాళం లేని ఎంపీ3లు పెట్టింది, 2009లో ఐట్యూన్స్ కూడా పాటల మీద తాళాలు తీసేసింది. నిజానికి నాకు ఆ రోజుతోనే సాకు అయిపోవాలి. అయినా ఇంకో ఎనిమిదేళ్లు ఈ సైటులోనే తిరిగాను, అలవాటు వల్ల, 11 సెంట్ల వల్ల. ఇప్పుడు నెల చందా స్ట్రీమింగ్ వింటున్నాను, నచ్చినవాళ్ల ఆల్బమ్, పాడినవాళ్లే నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో దొరికితే అక్కడ తీసుకుంటున్నాను. ఆ ధరలో సైటు పట్టుకునేది 15 శాతం దాకా. దానికి కార్డు ఖర్చు పోగా మిగతాది పాడినవాళ్లకు. పాత ఫోల్డర్ ఇంకా డిస్కులో ఉంది. తుడిచేయలేదు, కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించనూ లేదు.

2017లో సైటు తెరుచుకోవడం మానేసినప్పుడు నా ఖాతాలో 7 డాలర్ల 36 సెంట్లు ఉండిపోయాయి. పోయాయనే అనుకున్నాను. మొన్న ఒక మెయిల్ వచ్చింది. కొత్త పేరు, పేజీకి అదే పాత నీలం రంగు, తిరిగొస్తే 30 శాతం బోనస్ అట. ఇలాంటి లింకులు నొక్కకూడదని పదిమందికి చెప్పేవాణ్ని, నొక్కాను. పాత పాస్‌వర్డ్ కొట్టాను, అదింకెక్కడా వాడట్లేదు లెండి. తెరుచుకుంది. పైన కుడిపక్క మూలలో 7.36 అలాగే ఉంది. ఒక్క సెంటు కూడా తగ్గలేదు.