జడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్: డిస్కు చెడిపోయాక రాస్తున్న సమీక్ష

ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచే మిర్రర్ ఏదైనా, రెండూ బాగున్నన్నాళ్లు ఒకేలా కనిపిస్తుంది. అందుకే విజయవాడలోని ఒక ఆడిటర్ ఆఫీసు ఫైల్ సర్వర్‌ను నాలుగేళ్లుగా చూసుకుంటున్నా, దానిలోని జడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్లో ఫైళ్లను భద్రపరిచే వ్యవస్థ) మిర్రర్ గురించి రాసే అర్హత నాకు గత నెలలోనే వచ్చింది. ఆ సర్వర్ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. అందులో నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు ఉన్నాయి; టాలీ డేటా, స్కాన్ చేసిన కాగితాలు కలిపి 1.3 టెరాబైట్ల దాకా నిండింది.

జడ్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ తన సొలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారు చేసి, 2005లో సోర్సును బయటపెట్టింది. 2008లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 7.0 నుంచి అది మనకు అందుబాటులో ఉంది. అంతకుముందు నేను వాడిన జీమిర్రర్ (ఫ్రీబీఎస్‌డీలోనే ఉన్న మరో మిర్రర్ పద్ధతి) కూడా నమ్మకస్తురాలే గాని, రెండు డిస్కుల్లో ఒకే బ్లాకు (డేటా ముక్క) రెండు రకాలుగా ఉంటే ఏది నిజమో చెప్పే దారి దానికి లేదు. జడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకు చెక్‌సమ్‌ను (డేటా మారితే పట్టిచ్చే అంకెను) ఆ బ్లాకు పక్కన కాకుండా, దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది కాబట్టి, చదివిన ప్రతి ముక్కనూ సరిపోల్చుకుని, తప్పుగా వస్తే రెండో డిస్కులోని మంచి ప్రతిని మనకిచ్చి, చెడిన ప్రతిని తనే తిరగరాస్తుంది. డబ్బు పెట్టి కొనే సరుకు కాకపోయినా, దీని అసలు విలువ ఇక్కడే ఉంది.

నెలవారీ స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) అయిన మర్నాడు ఉదయం జడ్‌పూల్ స్టేటస్ ఆదేశం ఇచ్చి చూస్తే, పూల్ (డిస్కులు కలిసిన నిల్వ) ఆన్‌లైన్ అనే ఉంది గాని, ఒక డిస్కు ఎదురుగా చెక్‌సమ్ గడిలో 14 కనిపించింది. దానితోపాటు ఇచ్చే సందేశం మాత్రం కొత్తవారిని హడలగొడుతుంది: పరికరంలో సరిదిద్దలేని లోపం వచ్చిందని మొదటి వాక్యం చెబితే, సరిదిద్దే ప్రయత్నం జరిగిందని, అప్లికేషన్ల మీద ప్రభావం లేదని ఆ వెంటనే వచ్చేవి చెబుతాయి. సరిదిద్దలేనిది ఆ డిస్కు వరకేనని, మన ఫైళ్లు క్షేమమని అర్థం చేసుకోవడానికి, అన్నిటికన్నా కింద ఉండే ఎర్రర్స్ వరుస దాకా దిగాలి.

లెక్క చెప్పడంలో జడ్‌ఎఫ్‌ఎస్ గట్టిదే గాని, తప్పు డిస్కుదా, కేబుల్‌దా, కంట్రోలర్‌దా అన్నది అది తేల్చదు. అందుకు, డిస్కు తన గురించి రాసుకున్న లెక్కలను చూపే స్మార్ట్‌సీటీఎల్ కావాలి. అందులో 199వ అంశమైన సీఆర్‌సీ లోపాల (డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చే లోపాల) సంఖ్య పెరిగి ఉండటంతో, అనుమానం కేబుల్ మీదికి పోయింది. సాటా కేబుల్ మార్చి, జడ్‌పూల్ క్లియర్‌తో లెక్కలు సున్నా చేసి, మళ్లీ స్క్రబ్ నడిపాను. ఒక్క లోపమూ రాలేదు. పని అయిపోయిందనుకున్నాను. తొందరపడ్డాను! వారం తిరగకుండా అదే డిస్కుకు ఈసారి రీడ్ గడిలో అంకె వచ్చింది. 197వ అంశం, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య, ఉదయం 8 ఉన్నది సాయంత్రానికి 24 అయింది. కేబుల్ పాతదే కావచ్చు గాని డిస్కు కూడా పోతున్నదే.

కొత్త డిస్కు కొనేటప్పుడు షింగిల్డ్ రకం (ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీదకొకటి వచ్చేది) కాదని నిర్ధారించుకోవడం తప్పనిసరి; రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటాను నింపే పని) సమయంలో అవి విపరీతంగా నెమ్మదిస్తాయి. మరో జాగ్రత్త మొదట్లోనే తీసుకోవలసినది: కొత్త డిస్కు కాస్త చిన్నదైనా జడ్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోదు కాబట్టి, పార్టిషన్ చేసేటప్పుడే చివర కొంత ఖాళీ వదిలిపెట్టాను. డిస్కుల సీరియల్ నంబర్లలోని చివరి నాలుగు అంకెలనే పార్టిషన్ లేబుళ్లుగా పెట్టి, వాటినే ట్రేల మీద స్టిక్కర్లుగా అంటించి ఉండటంతో, మంచి డిస్కును లాగేసే ప్రమాదం తప్పింది.

ఖాళీ సాటా పోర్టు ఉంటే పాత డిస్కును తీయకుండానే జడ్‌పూల్ రీప్లేస్ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే చెడిపోతున్న డిస్కులో కూడా చాలా బ్లాకులు బాగానే ఉంటాయి. కాపీ జరుగుతుండగా రెండో డిస్కులో ఏదైనా బ్లాకు చదవడానికి రాకపోతే, దాన్ని ఇది అందిస్తుంది. జీమిర్రర్ అయితే ఖాళీ జాగాతో సహా నాలుగు టెరాబైట్లూ రాసుకుంటూ పోయేది. జడ్‌ఎఫ్‌ఎస్ నిండిన బ్లాకులనే రాసింది కాబట్టి, మూడున్నర గంటల్లో ముగిసింది. ఆ మధ్యలో అకౌంటెంట్‌ను అడిగితే, "నెమ్మదిగా ఉంది గానీ నడుస్తోంది సార్" అన్నాడు.

నేను మార్కులు తగ్గించేది బూట్ విషయంలో. బూట్ పార్టిషన్ (సర్వర్ లేవడానికి కావలసిన డిస్కు భాగం) మిర్రర్ పరిధిలోకి రాదు. కొత్త డిస్కు మీద జీపార్ట్ ఆదేశంతో బూట్‌కోడ్‌ను మనమే రాయాలి, యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బూట్ పద్ధతి) అయితే లోడర్ ఫైలును మనమే కాపీ చేయాలి. ఈ పని మరచిపోయినా పూల్ ఏ లోపమూ లేదనే చూపిస్తుంది. రెండో డిస్కు కూడా పోయి, సర్వర్ మళ్లీ లేవనప్పుడు గాని సంగతి బయటపడదు. నేను కొత్త డిస్కు ఒక్కదాన్నే ఉంచి ఒకసారి బూట్ చేసి చూసుకున్నాకే మూత బిగించాను.

మిగిలిన పాత డిస్కు చెడినదానితో కలిపి ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొన్నది; అది కూడా 35,000 గంటలు దాటి తిరిగింది. అందుకని మరో డిస్కు తెప్పించి, జడ్‌పూల్ అటాచ్‌తో మిర్రర్‌ను మూడు డిస్కులది చేశాను. పొరపాటున అటాచ్‌కు బదులు యాడ్ కొడితే మూడోది మిర్రర్‌లో చేరకుండా విడిగా పడుతుంది. జడ్‌పూల్ హెచ్చరించి ఆపుతుంది గాని, బలవంతపు ఐచ్ఛికం జోడిస్తే ఆగదు. సర్వర్ ఇప్పుడు మూడు డిస్కులతోనే నడుస్తోంది.