ఎలినార్ ఆలిఫంట్ ఈజ్ కంప్లీట్లీ ఫైన్: ప్రేమకథ కాదు, స్నేహం కథ

గెయిల్ హనీమన్ రాసిన ఈ ఇంగ్లిష్ నవల 2017లో వచ్చింది, అంటే కొత్తదేం కాదు, చాలామంది పేరు వినే ఉంటారు. అయినా ఇప్పుడు రాస్తున్నా ఎందుకంటే ఈ బుక్ గురించి ఎవర్ని అడిగినా ఒంటరి అమ్మాయి కథ, మొదట నవ్విస్తుంది చివర్లో ఏడిపిస్తుంది అని చెప్పి వదిలేస్తున్నారు. నాకు మాత్రం ఇందులో నచ్చింది వేరే. ఒక మనిషి జీవితం మళ్ళీ మొదలవ్వాలంటే కథల్లో మామూలుగా ఒక ప్రేమో, ఒక పెళ్ళో, అదీ కాకపోతే ఉద్యోగం మానేసి ఊరు వదిలి వెళ్ళిపోవడమో ఉంటుంది కదా, ఇందులో అవేం లేవు. అదే ఊరు, అదే ఆఫీసు, అదే ఫ్లాట్. కొత్తగా వచ్చిందల్లా పట్టించుకునే మనుషులు ఒకరిద్దరు.

ముందే చెప్తున్నా, చివర్లో బయటపడే విషయం నేను చెప్పను, కానీ మిగతా కథ కొంత చెప్పకుండా ఈ రివ్యూ రాయలేను.

ఎలినార్ స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉంటుంది, ముప్పై ఏళ్ళు నిండబోతున్నాయి. ఒక గ్రాఫిక్ డిజైన్ కంపెనీలో ఎకౌంట్స్ సెక్షన్‌లో పని, కాలేజీ అయిన దగ్గర్నుంచీ అదే ఉద్యోగం. ముఖం మీద ఒక పక్క కాలిన మచ్చ. రోజూ ఒకే రకం బట్టలు, మధ్యాహ్నం ఒక్కతే కూచుని పేపర్లో క్రాస్‌వర్డ్ చేసుకుంటూ తినడం. శుక్రవారం సాయంత్రం వస్తూ వస్తూ టెస్కో అనే సూపర్ మార్కెట్లో మార్గరీటా పిజ్జా, ఒక వైన్ బాటిల్, రెండు వోడ్కా బాటిళ్ళు కొనుక్కొస్తుంది, ఆ వోడ్కాని శని ఆదివారాలకి సర్దుకుంటుంది, మళ్ళీ సోమవారం ఆఫీసుకి వెళ్ళేదాకా ఒక్క మనిషితో కూడా మాట్లాడదు. ప్రతి బుధవారం సాయంత్రం అమ్మతో ఫోన్. ఆర్నెల్లకోసారి సోషల్ వర్కర్ వచ్చి ఎలా ఉందో చూసి వెళ్తుంది. చిన్నప్పట్నుంచీ తనతో ఉన్నది కుండీలో ఒక మొక్క, దాని పేరు పాలీ. ఇంతే జీవితం, ఇదేమీ బాధగా చెప్పదు, నాకేం తక్కువ అన్నట్టే చెప్తుంది, చదివే మనకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటూ ఉంటుంది.

ఆ శని ఆదివారాల సంగతి రచయిత్రి ఊరికే ఊహించి రాసింది కాదు. ఒంటరితనం మీద ఒక పేపర్లో వచ్చిన ఆర్టికల్ చదివిందట, అందులో ఇరవైల్లో ఉన్న ఒకమ్మాయి, పెద్ద సిటీ, ఉద్యోగం ఉంది, ఉండడానికి ఫ్లాట్ ఉంది, కానీ శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా మాట్లాడే మనిషి లేదు. దాన్నుంచే ఎలినార్ పుట్టింది. ఒంటరితనం అనగానే మనకి పిల్లలు అమెరికా వెళ్ళిపోతే ఇంట్లో మిగిలిపోయిన పెద్దవాళ్ళే గుర్తొస్తారు, వయసులో ఉన్నవాళ్ళు గుర్తుకు రారు. గచ్చిబౌలిలో పీజీలో ఉండే నాకు తెలిసిన ఒకమ్మాయి అంది, వర్క్ ఫ్రం హోం టైంలో కొన్ని వారాంతాలు డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పడానికి తప్ప నోరు తెరవలేదు అని. చుట్టూ అన్ని రూములు, అంతమంది జనం, అయినా అంతే. చదువు కోసం బ్రిటన్ వెళ్ళిన మన పిల్లలు ఈ నవల చదివితే ఆ చలికాలం సాయంత్రాలు, టెస్కో సంచులు ఇంకా బాగా తెలుస్తాయి అనుకుంటా. బ్రిటన్‌లో అయితే ఈ సమస్యని ప్రభుత్వమే గుర్తించింది, ఈ నవల వచ్చిన మరుసటి ఏడు 2018 జనవరిలో ఒంటరితనం విషయం చూడ్డానికి ఏకంగా ఒక మంత్రికి బాధ్యత అప్పగించారు.

కథకొస్తే, ఒక మ్యూజిక్ షోలో జానీ అనే సింగర్‌ని చూసి, ఇతనే నాకు రాసిపెట్టినవాడు అని ఎలినార్ ఫిక్స్ అయిపోతుంది. అతనికి ఈమె ఎవరో కూడా తెలీదు. ఇక అతని కోసం వ్యాక్సింగ్, గోళ్ళు, కొత్త బట్టలు, మేకప్, అతని గురించి వెతకడానికి ఒక లాప్‌టాప్. వేరే నవలైతే ఇదే అసలు కథ అయ్యేది, అందంగా తయారైంది, ధైర్యం వచ్చింది, జీవితం మారింది, శుభం. ఇక్కడ రచయిత్రి ఆ మొత్తాన్నీ పూర్తిగా నడవనిచ్చి, తీరా తను ఎదురుచూసిన కాన్సర్ట్ రోజున కూల్చేస్తుంది. నాకు ఈ బుక్‌లో అన్నింటికన్నా తెలివైన పని ఇదే అనిపించింది. కొత్త మనిషిని అయిపోవాలి అనే ఆలోచన తప్పేం కాదు, కానీ అది అస్సలు పరిచయం లేని ఒకడి కోసం, అదీ అమ్మ ఫోన్‌లో ఎగదోస్తుంటే జరిగింది, అందుకే నిలబడలేదు.

ఇదంతా ఒక పక్క జరుగుతుంటే ఇంకో పక్క చాలా మామూలు విషయం ఒకటి జరుగుతూ ఉంటుంది. ఆఫీసులో ఐటీ సపోర్ట్ చేసే రేమండ్, కంప్యూటర్ బాగు చేయడానికి వచ్చి పరిచయం అవుతాడు. హీరో లక్షణం ఒక్కటీ లేదు, సిగరెట్లు తాగుతాడు, బట్టలు శ్రద్ధగా వేసుకోడు, తినేటప్పుడు చూస్తే ఎలినార్‌కి చిరాకు. ఒకరోజు ఇద్దరూ రోడ్డు మీద వెళ్తుంటే శామీ అనే పెద్దాయన కళ్ళ ముందే కుప్పకూలిపోతాడు. ఎలినార్ తాగి పడ్డాడనుకుని పక్కనుంచి పోదామంటుంది, రేమండ్ ఆగుతాడు, అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాడు, నువ్వు ఆయనతో మాట్లాడుతూ ఉండు అంటాడు. ఎలినార్ తను వేసుకున్న జర్కిన్ తీసి ఆయన మీద కప్పి, ఏం మాట్లాడాలో తెలీక ఏదో ఒకటి మాట్లాడుతుంది. అక్కణ్ణుంచి హాస్పిటల్‌కి చూడ్డానికి వెళ్ళడం, ఆయన పిల్లలు పరిచయం అవ్వడం, వాళ్ళింట్లో ఫంక్షన్‌కి పిలవడం, రేమండ్ వాళ్ళమ్మ దగ్గర కూచుని టీ తాగడం, ఇలా ఒకదాని వెనక ఒకటి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద సంఘటన కాదు. మన ఇళ్ళల్లో అయితే ఇవి రోజూ జరుగుతాయి, ఎవరూ లెక్కలోకి కూడా తీసుకోరు. వాళ్ళింటికెళ్ళి రెండు గంటలు కూచుని రావడం అనేది అసలు దక్కని మనిషికి ఎంత పెద్దదో ఈ చాప్టర్లు చదివితేనే నాకు అర్థమైంది.

శామీ వాళ్ళమ్మాయి లారాకి సెలూన్ ఉంది, ఎలినార్‌ని పిలిచి ఉచితంగా జుట్టు కత్తిరిస్తుంది. ఇంకో మనిషి చెయ్యి ప్రేమగా తల మీద పడటం, అద్దంలో చూసుకుని తనేనా అనుకోవడం, అప్పుడు తన కళ్ళల్లో నీళ్ళు. ముందు పేజీల్లో సింగర్ కోసం డబ్బులు పోసి చేయించుకున్న అలంకారాలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. నేను ఈ సీన్ మళ్ళీ వెనక్కి తిప్పి చదివా.

కాన్సర్ట్ తర్వాత భాగం చదవడం కష్టం. ఎలినార్ ఫ్లాట్‌లో తలుపులు వేసుకుని తాగుతూ, చచ్చిపోదామనే దాకా వెళ్తుంది. ఆఫీసుకి రాలేదేంటని రేమండ్ వెతుక్కుంటూ వస్తాడు. వచ్చి ఒక్క లెక్చర్ ఇవ్వడు, అలా ఎందుకు చేశావ్ అనడు. ఇల్లు శుభ్రం చేస్తాడు, తినడానికి పెడతాడు, మర్నాడు మళ్ళీ వస్తాడు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే అని పట్టుబడతాడు, అక్కణ్ణుంచి కౌన్సెలింగ్. తర్వాత ఒక పిల్లిని కూడా తెచ్చిస్తాడు తోడుగా. మగవాడు ఒక ఆడపిల్లకి ఇంత చేస్తే పేజీ తిప్పేలోపు ఐ లవ్ యూ వస్తుందని ఎదురుచూసే అలవాటు మనది, నేను కూడా ఎదురుచూశా. రాదు. వాళ్ళిద్దరూ ఫ్రెండ్స్‌గానే ఉంటారు, ముందు ముందు ఏమవుతుందో తెలీదు, రచయిత్రి అక్కడికే ఆపేసింది. అందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. ప్రేమ పుట్టి ఉంటే రేమండ్ చేసిందంతా దానికోసమే అన్నట్టు అయిపోయేది.

ఇక అమ్మ. మనవాళ్ళు చాలామందికి ఇక్కడ ఇబ్బంది అనిపించొచ్చు. కన్నతల్లి అంటే దేవత, ఆవిడ తిట్టినా మన మంచికే, ఇది మనకి పాటల్లో సినిమాల్లో నూరిపోసిన మాట. ఈ బుక్‌లో తల్లి ప్రతి బుధవారం ఫోన్ చేసి కూతుర్ని మాటలతో పొడుస్తుంది, నువ్వు పనికిమాలినదానివి, నిన్నెవరు దగ్గరికి రానిస్తారు అన్న ధోరణి, అదీ ఎంతో నాజూకుగా. తిట్టే మాటల కన్నా, ఇంత జరిగినా బుధవారం వచ్చేసరికి ఎలినార్ ఆ ఫోన్ కోసం సిద్ధంగా కూచోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇలాంటి తల్లిదండ్రులు మన దగ్గరా ఉన్నారు, పిల్లలు బయటికి చెప్పుకోలేరు అంతే, చెప్తే ఎంతైనా అమ్మే కదమ్మా అని మనమే నోరు మూయిస్తాం. కౌన్సెలర్ మరియా దగ్గర కూచుని ఎలినార్ చిన్నప్పటి విషయాలు ఒక్కోటీ బయటికి తీసే చాప్టర్లు అందుకే చాలా విలువైనవి. ఒక్క సిట్టింగ్‌లో ఏడ్చేసి బాగుపడిపోవడం ఉండదు, వెళ్ళనని మొండికేయడం, కౌన్సెలర్ మీద చిరాకు పడటం, మధ్యలో ఆపేయాలనుకోవడం అన్నీ ఉంటాయి. ఈ బుక్ చదువుతుంటే మీకు గానీ మీవాళ్ళకి గానీ చచ్చిపోవాలనే ఆలోచనలు వచ్చి మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన లైన్, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎలినార్‌కి లోకం తెలీదు అని చూపించడానికి రచయిత్రి కొన్నిచోట్ల మరీ సాగదీసింది. రోజూ పేపర్ చదివి, యూనివర్సిటీలో చదువుకుని, ఇన్నేళ్ళు సిటీలో ఉద్యోగం చేసిన మనిషికి బ్యూటీ పార్లర్‌లో ఏం చేస్తారో, ఫాస్ట్‌ఫుడ్ షాపులో ఎలా ఆర్డర్ ఇవ్వాలో బొత్తిగా తెలీదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు, అవి నవ్వు కోసం పెట్టినవే అని తెలిసిపోతుంది. ఆఫీసులో మిగతావాళ్ళకి పెద్దగా రూపం లేదు, మొదట ఎగతాళి చేస్తారు, చివర్లో మంచివాళ్ళు అయిపోతారు, మధ్యలో ఏం జరిగిందో చూపించలేదు. చివర్లో బయటపడే విషయం కొందరికి షాక్ కొడుతుంది, జాగ్రత్తగా చదివేవాళ్ళు ముందే పసిగట్టేస్తారు. నా మటుకు నాకు అది లేకపోయినా నవల నిలబడేది. ఆ ట్విస్ట్ వల్ల కథ కొంచెం థ్రిల్లర్ వైపు ఒరిగి, అప్పటిదాకా ఉన్న ఆ నింపాదితనం కాస్త చెదిరింది.

ఇంకో మాట, ఇది రచయిత్రి మొదటి నవల, నలభై దాటాక, ఉద్యోగం చేసుకుంటూ రాసింది. బ్రిటన్‌లో 2017 కోస్టా మొదటి నవల బహుమతి దీనికే ఇచ్చారు. రాయాలని ఉండి వయసైపోయింది అనుకునేవాళ్ళు ఇది తెలుసుకుంటే బావుంటుందని చెప్తున్నా.

కొనేవాళ్ళకి: దాదాపు నాలుగొందల పేజీలు, చాప్టర్లు పెద్దగా బరువుగా ఉండవు, మంచి రోజులు, చెడ్డ రోజులు, కాస్త మెరుగైన రోజులు అన్నట్టు మూడు భాగాలు. ఇంగ్లిష్ విషయంలో ఒక హెచ్చరిక, ఎలినార్ మాట్లాడే భాష పాతకాలం పుస్తకాల భాషలా ఉంటుంది, పెద్ద పెద్ద పదాలు వాడుతుంది, అది తన క్యారెక్టర్ కాబట్టి తప్పదు. అందుకే డిక్షనరీ అడ్డం రాకూడదనుకుంటే కిండిల్‌లో తీసుకోండి, పదం మీద వేలు పెడితే అర్థం వచ్చేస్తుంది. ఆడియోబుక్ క్యాథలీన్ మెక్‌క్యారన్ చదివింది, స్కాటిష్ యాసలో, మొదట్లో చెవికి అలవాటు పడటానికి కొంచెం టైం పడుతుంది గానీ అమ్మ ఫోన్ కాల్స్ మాత్రం వినాల్సిందే, ఆ గొంతులో తీపి విషం పేజీ మీద కన్నా అక్కడే బాగా పట్టుకుంటుంది. మొదట కొన్ని పేజీలు ఎలినార్ మీద విసుగొస్తుంది, అందర్నీ తక్కువ చేసి మాట్లాడుతుందేంటి అనిపిస్తుంది, శామీ పడిపోయే దాకా చదవండి, ఆ తర్వాత పక్కన పెట్టలేరు. తాగుడు, చిన్నపిల్లల మీద హింస, ఆత్మహత్య ప్రయత్నం ఉన్నాయి కాబట్టి హైస్కూల్ పిల్లలకి ఇచ్చేముందు మీరొకసారి చదవండి. నేనైతే ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర తగ్గించింది పార్లర్ కామెడీకి, చివరి ట్విస్ట్‌కి.