కాకినాడలో మా ఇన్వర్టర్ బ్యాటరీకి చేయించిన సర్వీసు

మాది 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబ్యులర్ బ్యాటరీ, కొని నాలుగేళ్లు దాటింది. ఈ వేసవిలో కరెంటు పోయిన పది నిమిషాలకే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోవడం మొదలుపెట్టింది. సాయంత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఆ ఉక్కలో, చీకట్లో వాళ్లను కూర్చోబెట్టలేక రోజూ టెన్షనే. మొదట పిలిచిన మెకానిక్ మీటరు పెట్టి, "12.6 వోల్టులు ఉంది మేడం, బ్యాటరీ బాగుంది, ఇన్వర్టరే మార్చాలి" అన్నాడు. నేనూ నమ్మేశాను.

కొత్తది కొనే ముందు ఒకసారి చూపిద్దామని భానుగుడి జంక్షన్ వెనక సందులోని చిన్న బ్యాటరీ షాపుకి ఫోన్ చేశాను. పెద్దాయన ఒకరు వచ్చారు. "లోడు లేకుండా చూస్తే ఏం తెలుస్తుందమ్మా, ఫ్యాన్లూ లైట్లూ అన్నీ వేయండి" అన్నారు. మెయిన్ ఆపి అన్నీ వేస్తే దాదాపు 400 వాట్లు. వైరు చుట్టూ క్లాంప్ మీటరు పెడితే 40 ఆంపియర్లు. ఇన్వర్టర్ దగ్గర 12.6 కాస్తా 10.6కి పడిపోయింది. ఇంకొంచెం తగ్గితే ఇన్వర్టర్ కట్ అయిపోతుంది.

ఆ రెండు వోల్టులు ఎక్కడ పోతున్నాయో ఆయన వెతికిన తీరు నాకు చాలా నచ్చింది. మీటరు వైరు మొన ఒకటి బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టారు. ఒకదాన్నొకటి తాకుతున్న ఆ రెండింటి మధ్యే 0.9 వోల్టు! మధ్యలో తెల్లటి పొడి పేరుకుపోయింది. 40 ఆంపియర్లను 0.9తో గుణిస్తే 36 వాట్లు, అంతా అక్కడే వేడిగా పోతోంది. క్లాంపు ముట్టుకుంటే చురుక్కుమంది. బోర్డు మీద ఎన్నోసార్లు రాసిన ఓమ్ నియమం అప్పుడు చేతికి తగిలింది.

వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగించి, వాజెలిన్ రాశారు. తగ్గిన సెల్స్‌లో డిస్టిల్డ్ వాటర్ పోశారు. మళ్లీ లోడు వేస్తే 11.5. మిగిలిన 1.1 వోల్టు మాత్రం బ్యాటరీ లోపలే పోతోంది. అంటే అంతర్నిరోధం (కరెంటుకు బ్యాటరీ లోపల ఎదురయ్యే అడ్డు) 27 మిల్లీఓమ్‌ల దాకా ఉన్నట్టు. మంచి బ్యాటరీకి ఇంతకంటే చాలా తక్కువ ఉంటుంది. పలకల మీద సల్ఫేటు గట్టిపడితే ఇంతేనట. "పూర్తిగా బాగైందని చెప్పనమ్మా. రెండు ఫ్యాన్లే వాడుకోండి, 20 ఆంపియర్లే లాగితే లోపల పోయే వోల్టేజీ సగమవుతుంది. వానాకాలం దాకా నెట్టుకురావచ్చు" అన్నారు. అమ్ముకోవాలంటే కొత్త బ్యాటరీ అమ్మేవారే. తీసుకున్నది 300 రూపాయలు.

రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబ్‌లైట్లతో నిన్న గంటన్నర పాఠం ఆగకుండా నడిచింది. ఒకటే ఇబ్బంది, పదింటికి వస్తామని ఒంటిగంటకి వచ్చారు. ఆదివారం షాపు తీయరు. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, లోడులో పెట్టి చూడమని అడగండి.