చాక్లెట్ ల్యాబా, నల్లదా, సిల్వరా: ఏది మేలు?

మొన్న గాజువాక నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, చాక్లెట్ రంగు ల్యాబ్రడార్ కుక్కపిల్ల దొరికింది. నల్లదానికంటే రేటు ఎక్కువ చెబుతున్నాడు. అడ్వాన్స్ ఇచ్చేయనా?" అని. ఆగమన్నాను. రంగు చూసి పిల్లను తెచ్చుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

మా బ్రూనో చాక్లెట్ ల్యాబ్. ఎంవీపీ కాలనీలో మేడ మీద ఉండేవాళ్లం. వాడికి ఏడాది నిండకుండానే చెవుల బాధ మొదలైంది. తల ఒక పక్కకు వాల్చి టపటపా విదిలించేవాడు. చెవి డొప్ప ఎత్తితే లోపల గోధుమరంగు జిడ్డు, పులిసిన పిండి వాసన. రుషికొండలో నీళ్లలోకి దిగిన మర్నాడు మరీ ఎక్కువగా ఉండేది. మందు పోసి చెవి మొదట్లో మెల్లగా నొక్కి, పైకొచ్చిన జిడ్డు దూదితో తుడవాలి. ఉక్కపోత నెలల్లో వారానికి రెండు సార్లు ఇదే పని. వాడు నా మోకాలి మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని ఓర్చుకునేవాడు. పదేళ్లకే పోయాడు.

తర్వాత చదివాను. బ్రిటన్‌లో 33 వేలకు పైగా ల్యాబ్రడార్ల వైద్య రికార్డులు పరిశీలించిన అధ్యయనం 2018లో వచ్చింది. చెవి వాపు నల్లవాటిలో 12.8 శాతం, ఫాన్ (లేత పసుపు) రంగువాటిలో 17 శాతం, చాక్లెట్ వాటిలో 23.4 శాతం. ఆయుష్షు చాక్లెట్‌కు సగటున 10.7 ఏళ్లు, మిగతావాటికి 12.1.

అలాగని చాక్లెట్ రంగే రోగం అనుకోకూడదు. ఆ రంగు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు రావాలి. గిరాకీ ఉంది కదా అని చాక్లెట్‌కు చాక్లెట్‌నే కలుపుతూ పోతే జత కట్టే కుక్కల సంఖ్య తగ్గిపోతుంది, రంగుతో పాటు జబ్బులూ పోగుపడతాయి. ఆ పరిశోధకుల అనుమానం కూడా ఇదే. నల్ల తల్లిదండ్రులకు పుట్టిన చాక్లెట్ పిల్లంటే నాకంత భయం లేదు. తరతరాలుగా రంగు కోసమే కట్టిన లైను (వంశం) అంటేనే భయం. పైగా మన సముద్రపు గాలి తేమకు వేలాడే చెవులున్న ఏ కుక్కకైనా ఇబ్బందే.

సిల్వర్ (వెండి బూడిద రంగు) గురించి ఎక్కువ చెప్పను, వద్దు. ల్యాబ్రడార్ ప్రమాణంలో, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో కెన్నెల్ క్లబ్‌లు రాసుకున్న నియమాల్లో, ఉన్నవి నలుపు, పసుపు (మనం ఫాన్ అనేది), చాక్లెట్ మాత్రమే. చాక్లెట్‌ను పలచబరిచే మరో జన్యువు వల్ల వచ్చేదే సిల్వర్. అలా పలచబడ్డ రంగున్న కుక్కల్లో కొన్నిటికి చిన్న వయసులోనే వెంట్రుకలు ఊడి, చర్మం పొట్టు రాలుతుంది. "రేర్ కలర్" అంటూ దానికి ఎక్కువ డబ్బు అడగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి ప్రమాణానికి సరిపోయే రంగైతే చాలా? అదీ కాదు. తెల్ల ఒంటి మీద చుక్కలుండే డాల్మేషియన్ జాతి సంగతే చూడండి. అమెరికాలో వినికిడి పరీక్ష చేసిన వాటిలో దాదాపు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినబడవు. పుట్టుకతో పెద్ద నల్ల మచ్చ ఉన్న పిల్లకు చెవుడు వచ్చే అవకాశం తక్కువ. అయినా ఆ మచ్చ ఉంటే అమెరికా ప్రమాణం ప్రకారం షో నుంచి తీసేస్తారు! చెవి బాగున్న పిల్లను మచ్చ ఉందని పక్కన పెట్టడం ఎంతకీ మింగుడుపడదు. ఒక చెవి చెవుడు ఇంట్లో చప్పట్లు కొట్టి చూస్తే బయటపడదు కూడా.

అదే జాతిలో మూత్రంలో రాళ్లకు దారితీసే జన్యులోపం ఉంది. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్ అనే వేటకుక్క జాతితో సంకరం చేసి, తర్వాత తరాలన్నీ డాల్మేషియన్‌తోనే కలుపుతూ ఆ లోపం లేని లైను నిలబెట్టాడు. ఒంటి మీది చుక్కలు ఆ పాయింటర్ వల్ల చెడిపోతాయని అభ్యంతరాలొచ్చాయి. జాతి కుక్కల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ లైనును ఒప్పుకునేసరికి 2011 అయింది. ఇన్నేళ్లూ బాధపడింది కుక్కలే.

అందుకే మా వాడికి చెప్పింది ఇది. నల్లదో ఫాన్‌దో తీసుకో, కానీ అంతకంటే ముందు తుంటి కీలు బాగుందో లేదో తెలియడానికి తల్లిదండ్రులకు ఏడాది దాటాక తీసిన తుంటి ఎక్స్‌రే అడుగు. తల్లి చెవి డొప్ప నీ చేత్తో ఎత్తి వాసన చూడు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు వంశం చెబుతాయి గానీ తుంటి సంగతి చెప్పవు. "నల్ల కుక్క మన ఎండకు ఆగుతుందా బావా?" అన్నాడు. ఏ రంగు ల్యాబైనా తెల్లవారుజామున, పొద్దుగూకాకే బీచ్‌కి తీసుకెళ్లాలి, పగలు నీడలోనే ఉంచాలి.

ఆదివారం వెళ్లి చూశాడు. అదే ఈతలో నల్ల ఆడపిల్ల ఉందట. తల్లి ఎక్స్‌రే చూపించారు, చెవులు శుభ్రంగా ఉన్నాయి. తండ్రి కుక్కది ఇంకా పంపలేదు. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను.